జేబులో పట్టేది

“జేబులో పట్టే కార్డట. పర్సులో పెట్టుకోవచ్చట,” అంది తారాదేవి, పాస్‌పోర్టు ఫారం మీద పెన్ను ఆపి.

“ఇంకేం, దానికే టిక్కు పెట్టు!” అన్నాడు గురునాథం. “ఆ పుస్తకం మోసి మోసి చొక్కా జేబులన్నీ సాగిపోయాయి.”

పాతికేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి, ఆ దేశపు పౌరుడై, ఇప్పుడు భార్యతో సహా సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లోని కూతురి ఫ్లాట్‌లో దిగిన మనిషి. ఆయన పాస్‌పోర్టుకి గడువు తీరబోతోంది. తారాదేవిదానికి ఇంకా నాలుగేళ్లుంది. డిసెంబరులో కాకినాడలో ఆమె చెల్లెలు ఉదయశ్రీ ఇంటికి ప్రయాణం.

“కింద సన్నక్షరాల్లో ఏదో ఉందండీ. చదవనా?”

“సన్నక్షరాలు ప్లీడర్లకి. సంతకం ఎక్కడ?”

కళ్లజోడు లేకుండానే, ఆమె వేలు చూపించినచోట గీకాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఫారాలు ఆమె నింపడం, ఆయన గీకడం. ఒప్పయితే ఆయనది, తప్పయితే ఆమెది.

“టికెట్ల సంగతేంటి?”

“ఆ పని మార్చిలోనే అయిపోయిందండీ.”

“మీ చెల్లెలికి చెప్పు, నాలుగున్నరకల్లా వేన్నీళ్లు ఉండాలని. అన్నం మెత్తబడకూడదని.”

“చెబుతానండీ.”

కిందటిసారి నెల్లాళ్లున్నా అక్కచెల్లెళ్లు కుదురుగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. వంతులవారీగా నీళ్లు కాచారు.

ప్రయాణం ఎల్లుండనగా కార్డు వచ్చింది. గురునాథం లిఫ్టులో కనబడ్డ చైనా మామ్మకి కూడా చూపించాడు. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన కూతురు తన్మయి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“నాన్నా, దిస్ వన్ నో ప్లేన్ లా! దీంతో విమానం ఎక్కనివ్వరు. నేలమీదా, సముద్రంమీదా మాత్రమే. అదీ అమెరికానుంచి మెక్సికో, కెనడా, ఆ పక్క దీవులకి.”

“పక్కనే మలేషియాలో జోహోర్‌కి బస్సులో?”

“దానికీ పనికిరాదు.”

“మరెందుకే ఇది?”

“జేబులో పడుతుంది.”

గురునాథం భార్యమీద విరుచుకుపడ్డాడు. “చదవకుండా టిక్కు పెట్టేయడమేనా?”

“చదవనా అని అడిగానండీ.”

“అడిగితే సరా? చదవాలి!”

“పాతది రద్దు చేసేశారు. పుస్తకానికి మళ్లీ అప్లై చెయ్యాలి. ఎల్లుండికి ఎక్కడొస్తుంది?” అంది తన్మయి.

తారాదేవి కొంగుతో కళ్లొత్తుకుంది. “మీరు లేకుండా నేనొక్కదాన్నీ ఏం వెళ్తాను! మానేస్తాలెండి.”

“మానేసి ఏం చేస్తావు, ఇంకో ఫారం నింపుతావా? వెళ్లు! నా టికెట్ రద్దు చెయ్యవే, తన్మయీ.”

తారాదేవి వంటింట్లోకి వెళ్లి చారుకి పోపు పెట్టింది. తల్లి ఫోన్లో బుకింగ్ తెరిచింది తన్మయి. వేలితో పైకి జరిపింది, కిందికి జరిపింది. వంటింటివైపు చూసింది. పోపు చిటపటల మధ్య లోపల్నుంచి సన్నగా కూనిరాగం వినబడుతోంది.

“అయిందా?” అన్నాడు గురునాథం.

మార్చిలో తీసింది ఒక్క టికెట్టే.