నవనీత నిలబడే చోటు

"ఈ పిల్ల జాగ ఏందో ఒక్కటి చెప్పున్రి సార్. లిస్టు పంపే టైమైతుంది" అంటూ రంజిత్ చేతిలోని కాగితాన్ని నర్సింహులు సార్ ముక్కు ముందు ఆడించాడు.

పాన్‌గల్ పక్క ఊళ్లో అమ్మాయిల కబడ్డీ పోటీలు జరుగుతున్నాయి. ఆఖరి ఆటలో సగం అయిపోయింది. జిల్లా జట్టును ఎంపిక చేయడానికి అచ్చంపేట నుంచి వచ్చిన కోచ్ రంజిత్. నర్సింహులు సార్ ఈ ఊరి జట్టుకు ఇరవై ఏళ్లుగా ఆట నేర్పుతున్న పెద్దమనిషి.

"నవనీతను ఏడ నిలబెడితే ఆడ ఆడుతది తమ్మీ. గసుంటి పిల్ల దొరుకుడే కష్టం."

"గదే నా కోపం. మొదటి ఆటల ఎడమ మూల. రెండో ఆటల కుడి మూల. నిన్న కవర్. ఇయ్యాల సెంటర్. ఆ పిల్లేమన్న కూరల కరివేపాకా, ఏరి అవతల పెట్టనీకె?"

కోపం రాకుండా ఎలా ఉంటుంది? లిస్టులో పేరు పక్కన ఒక్క స్థానమే రాయాలి. అన్నిచోట్లా ఆడుతుందని రాస్తే, పైవాళ్లు ఎక్కడా ఆడదని చదువుకుంటారు. పోయినేడు నవనీత పేరు అట్లాగే కొట్టేశారు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఈ సాయంత్రం లిస్టులో పేరు లేకపోతే ఆమె ఆట ఈ మైదానంతోనే సరి.

"సెంటర్ అని రాయి" అన్నాడు సార్, నేల చూస్తూ.

"సెంటర్‌ల ఏం పడతది? అటు ముగ్గురు, ఇటు ముగ్గురు చేతులు కలిపి గొలుసు కడితే, నడుమ ఒంటిగ నిలబడి చూసుడేనా? గట్ల మడమ పట్టే పిల్ల మూలకుండాలె. కండ్లున్నోడెవడన్న గదే చెప్తడు."

ఎడమ మూలలో ఆడుతున్న సుమన, నర్సింహులు సార్‌కు అన్న కూతురు. ఆ సంగతి రంజిత్‌కు పొద్దున్నే తెలిసింది.

"మీ అన్న బిడ్డ మూల ఖాళీ చెయ్యాల్సి వస్తదని పరేషానా?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలన్నా తడుముకోవాలి. సార్ ఆ పనీ చేయలేదు. ఈల తాడును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

రంజిత్‌కు ఒళ్లు మండింది. జట్టు వైపు నడిచాడు. ఆరుగురు అమ్మాయిలు స్టీలు బిందె చుట్టూ చేరి, ఒకే గ్లాసుతో నీళ్లు తాగుతున్నారు. నవనీత మాత్రం దూరంగా వేపచెట్టు కింద తండ్రి చెన్నయ్య పక్కన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఎత్తి తాగుతోంది. చెన్నయ్య గడ్డి మంటకు డప్పు కాచుకుంటున్నాడు. మొదటి సగంలో కూతురు పట్టు పట్టినప్పుడల్లా ఆ డప్పు మోగింది.

ఇంత పొగరుంటే జట్టులో ఎట్లా ఇముడుతుంది అనుకున్నాడు రంజిత్.

"నవనీతా, ఇప్పుడు నువ్వు ఎడమ మూల. సుమనా, నువ్వు ఆమె పక్కన."

సుమన చిన్నాన్న వైపు చూసింది. నవనీత సీసా మూత బిగించి లేచింది.

"నన్ను సెంటర్‌లనే ఉంచున్రి సార్."

"నిన్ను అడిగిన్నా? చెప్పింది చెయ్యి."

ఆట మళ్లీ మొదలైంది. అవతలి జట్టు అమ్మాయి కూతకు వచ్చింది. నవనీత ఒక్కతే దూకి మడమ పట్టింది. డప్పు మోగింది. చూసిన్రా అన్నట్టు రంజిత్, నర్సింహులు సార్ వైపు తల ఎగరేశాడు.

రెండోసారి వచ్చిన అమ్మాయి నవనీతకు, సుమనకు మధ్య నుంచి జారిపోయింది. మూడోసారీ అంతే. ఇద్దరి నడుమ ఎడ్లబండి పట్టేంత సందు. డప్పు ఆగిపోయింది. చివరికి రెండు పాయింట్ల తేడాతో జట్టు ఓడింది.

రంజిత్ నవనీతను అందరి ముందు పిలిచి నిలబెట్టాడు.

"పక్కపిల్లతోని కలిసి ఆడనీకె నామోషీనా నీకు? ఒక్కదానివే పట్టాలె, ఒక్కదానివే చప్పట్లు కొట్టిచ్చుకోవాలె. ఆఖరికి నీళ్లు కూడ కలిసి తాగవు. గింత గర్వమున్న పిల్లను జిల్లా జట్టుల పెట్టుకుని నేనేం చెయ్యాలె?" పెన్ను మూత తీశాడు. "నీ జాగ ఏందో ఇప్పుడే చెప్పు. లేకుంటే నీ పేరు కొట్టేస్త."

"తమ్మీ, జర ఆగు. ఆ పిల్లను ఏమనకు" అన్నాడు సార్.

నవనీత కళ్లు ఎర్రబడ్డాయి. ఏడుపు కాదు అది.

"ఎడమ మూలనే సార్ నా జాగ. ఎనిమిదో తరగతి నుంచి గదే. నా అంతట నేను ఒక్కసారి కూడ జరగలే. ఏ దిక్కు నిలబడితే ఆ దిక్కు పిల్లలు పోయి సార్‌కు చెప్పిన్రు. సార్ ఇంకో దిక్కు జరిపిండు. అన్ని దిక్కులు అయిపోయినయ్. సెంటర్ మిగిలింది."

"ఏం చెప్పిన్రు?"

ఆమె కుడి అరచేతికి అంటిన మట్టిని చొక్కాకు తుడుచుకుంది. ఆ చేతిని సుమన వైపు చాపింది. సుమన తల దించుకుంది.

"మావోళ్ల చెయ్యి పట్టుకోరంట సార్."