రెండో పార్టీ

"ఆరింటికల్లా బేరం కుదరకపోతే తాళాలు ఇంకో ఏజెంటుకి ఇచ్చేస్తా," అన్నాడు ఇంటాయన, గుత్తిని వేలికి తిప్పుతూ.

ఏజెంటు గోడ గడియారం వంక చూశాడు. ఈ ఇల్లు కూడా చెయ్యి జారితే రేపట్నుంచి రానక్కర్లేదని ఆఫీసులో పొద్దున్నే చెప్పేశారు. మూడు నెలలుగా ఒక్క ఇల్లూ అమ్మలేదు మరి.

అందుకే రెండో పార్టీని పెట్టుకున్నాడు. కొనేవాడు ఇల్లు చూస్తుండగా ఇంకొకడొచ్చి నాకే కావాలని పట్టుబడితే, ఎంతటి నసుగుడు మనిషైనా తొందరపడతాడు. ఎప్పుడూ ఆ వేషం కట్టేది బావమరిది. ఇవాళ వాడికి జ్వరం.

"నా స్నేహితుణ్ణి పంపుతాలే బావా," అన్నాడు ఫోన్లో. "నాటకాల మనిషి. గడపలో అడుగు పెట్టాడంటే వేషం దించడు."

అసలు పార్టీని ఐదింటికి రమ్మన్నాడు, నాటకాలాయన్ని ఐదుంపావుకి. ఇద్దరి మొహాలూ ఏజెంటు ఎరగడు.

ఐదు కొట్టీ కొట్టకముందే ఇస్త్రీ చొక్కా ఆయన దిగాడు. "ఇల్లు చూద్దామనండీ."

"రండి సార్, మీ కోసమే చూస్తున్నాం."

ఇస్త్రీ చొక్కా గదులన్నీ తిరిగాడు. "వంటింట్లోకి ఎంత వెలుతురొస్తోందో చూడండి. మా ఆవిడ ఎగిరి గంతేస్తుంది," అన్నాడు. ఏజెంటు ప్రాణం లేచొచ్చింది.

ఐదుంపావుకి బక్కపలచటి మనిషొకాయన ఆయాసపడుతూ వచ్చాడు, చేతిసంచిని గుండెకి హత్తుకుని. ఖాళీ సంచిని ఎంత భద్రంగా పట్టుకున్నాడో, నటనంటే ఇదీ అనుకున్నాడు ఏజెంటు.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. బక్కాయన కుళాయిలన్నీ తిప్పాడు, గోడలు తట్టాడు, పడగ్గదిలో పరదా పక్కకి లాగాడు. "ఈ చెమ్మ ఎప్పట్నుంచండీ?"

ఏజెంటు గబగబా అడ్డొచ్చాడు. పొగడమని పంపితే కొంప ముంచేలా ఉన్నాడు వీడు. "చెమ్మ కాదండీ, కొత్త రంగు ఇంకా ఆరలేదు."

"ఉన్నదున్నట్టు చెప్పండి, బాగు చేయించుకుంటాను. నాకు ఇల్లు నచ్చింది."

"ముందొచ్చింది నేనండీ," అన్నాడు ఇస్త్రీ చొక్కా. "ఎవరెన్ని చెప్పినా ఈ ఇల్లు నాదే."

ఇంకేం కావాలి? బేరం కుదిరినట్టే. ఇక వీడు నోరు తెరిస్తేనే ప్రమాదం. ఏజెంటు బక్కాయన్ని రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు. "చాలు బాబూ, నీ పని అయిపోయింది. మరీ అతి చెయ్యకు," అని గుసగుసలాడి, బస్సు ఖర్చులకని జేబులో ఓ నోటు కుక్కాడు.

బక్కాయన ఆ నోటు తీసి చూశాడు. ఏజెంటునీ చూశాడు. నోటు అతని చేతిలోనే పెట్టి, "ఇల్లు బాగుందండీ, మీరే బాలేరు," అని చరచరా వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కూడా ఎంత రోషం నటించాడనుకున్నాడు ఏజెంటు.

లోపల ఇంటాయన అడుగుతున్నాడు. "అయితే ఖాయమేనా?"

ఇస్త్రీ చొక్కా ఓసారి గేటువైపు చూసి, తలూపాడు. ఇంటాయన మొహం విప్పారింది. తాళాలు కిటికీలో పెట్టి, ఇంట్లోవాళ్ళకి ఫోను చెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాడు.

గడియారం ఆరుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఉద్యోగం నిలబడింది. ఏజెంటు చెమట తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఇస్త్రీ చొక్కా పెరటి తలుపు దగ్గరగా వేసొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంతా బాగానే ఉంది బావగారూ, కొనడానికొచ్చినాయన్ని ఎందుకు పంపించేశారు?"