మట్టిలో కలవనివి

"ఈ పెళ్ళి జరగదు," అన్నాడు షాపాయన, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

పెళ్ళికొడుక్కి ఆయన మేనమామ. తల్లీతండ్రీ లేని కుర్రాడికి మిగిలిన ఒక్క పెద్దదిక్కు. ప్లాస్టిక్ పూలూ తోరణాలూ అమ్మే షాపులో ఇద్దరిదీ చెరి సగం. పెళ్ళయ్యాక నా సగం విడదీసుకుంటానన్నాడు కుర్రాడు. షాపు రెండయితే బోర్డులు రెండవుతాయి కానీ గిరాకీ రెండింతలవదు.

పెళ్ళికూతురి అమ్మమ్మ తలెత్తలేదు. పాత దుప్పట్లు పీలికలు చేసి పూలు చుడుతోంది. గది నిండా అవే. గుడ్డపూలు, కాగితాల గొలుసులు, ఎండుగడ్డి బుట్టలు. కొని తెచ్చింది ఒక్కటీ లేదు.

"మీరు కాదంటే అబ్బాయి చేసుకోడా, బాబూ?"

"చేసుకోడు. మావయ్య మాట దాటనని వాళ్ళమ్మకి మాటిచ్చాడు."

"మీరిక్కడికి వచ్చినట్టు అతనికి తెలుసా?"

"బేరానికెళ్ళేవాడు డప్పు కొట్టుకుంటూ వెళ్తాడా, పెద్దమ్మా?"

ముసలామె నవ్వింది. "అమ్మాయ్, మావయ్యగారు ఎండన పడి వచ్చారు. మన తోట ఆకులతో షర్బత్ కలిపి తీసుకురా."

పెళ్ళికూతురు చేతిలో కుట్టుపని బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళింది. సరుకు కనపడితే ముట్టకుండా ఉండలేని చెయ్యి షాపాయనది. తీసి చూశాడు. నడుంపట్టీ. తోలుమీద వరసగా గవ్వలు, గింజలు, వాటి మధ్య మగవాళ్ళ చేతి గడియారాలు మూడు. మూడూ ఆగిపోయినవే. సరిగ్గా నడుమ ఒక గుండ్రటి ఖాళీ.

"ఇదేం నగ?"

"పెళ్ళిలో అమ్మాయి పెట్టుకునేది. మా ఇంట్లో ఏదీ పారెయ్యం, బాబూ. మట్టిలో కలిసేవి మట్టిలో కలిపేస్తాం. కలవనివి ఇలా పనికొస్తాయి."

"ఎవరివీ గడియారాలు?"

"పెళ్ళికొకటి మిగిలింది. ఇది నా పెళ్ళిది. ఇది మా అమ్మాయిది. ఈ చివరది పెద్ద మనవరాలిది."

షాపాయన గుమ్మం వైపు చూశాడు. అన్నీ ఆడవాళ్ళ చెప్పులే. ఇంట్లో ఎక్కడా మగ గొంతు వినపడదు. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. అందులో కొత్తగా తవ్విన గుంట, మనిషి పొడుగున.

"అదెందుకు?"

"పెళ్ళయ్యాక పూలూ ఆకులూ వెయ్యడానికి."

"పూలకి అంత గుంటా!"

"పూలొక్కటేనా, బాబూ."

ఆయన వీపు మీద చీమ పాకినట్టయింది. లేవబోయాడు. పరుగున వెళ్ళి మేనల్లుడికి చెప్పాలి. కానీ లేచే కాలూ లెక్కలేసే బుర్రా ఒకే మనిషివైనప్పుడు బుర్రదే పైచెయ్యి. ఇద్దరిలో ఎవరు పోయినా షాపు మొత్తం మిగిలినవాడిదేనని కాగితం ఎప్పుడో రాసుకున్నారు. షాపాయన మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి వెనక్కి వాలి, సుఖంగా.

ఆ క్షణం నుంచి ఈ పెళ్ళి పెళ్ళికూతురికన్నా ఆయనకే ఎక్కువ కావాలి. అయినా నోరు తెరిచి సరేననలేదు. 'సరే' అనే మాట సంచీలో అట్టడుగున ఉండాలి, అన్నీ రాబట్టాకే పైకి తియ్యాలి. ఆయన వ్యాపారమంతా ఆ ఒక్క సూత్రం మీదే నడిచింది.

పెళ్ళికూతురు గ్లాసు అందించింది. ఆమె చూపు ఆయన ముఖం మీద లేదు, మణికట్టు మీద ఉంది.

"మీ గడియారం బాగుంది, మావయ్యగారూ."

"మావాడికీ ఇలాంటిదే ఉందిలే. దానిమీద పెట్టుకో నీ కళ్ళు," అని ఆయన కిసుక్కున నవ్వి ఒక గుక్క తాగాడు. "చూడండి పెద్దమ్మా, పందిరంతా నా షాపు పూలు కడతానంటే ఆలోచిస్తాను."

"ప్లాస్టిక్ మా గడప తొక్కదు. ఒప్పుకోండి, బాబూ."

"ఒప్పుకోను." ఇంకో గుక్క. "పోనీ, గేటుకి తోరణాలు?"

"అదీ కుదరదు. నా మాట విని ఆ గ్లాసు కిందపెట్టి, మనస్ఫూర్తిగా సరేననండి. ఆడపిల్ల పెళ్ళి. పంతాలెందుకు?"

అవతలివాళ్ళు బతిమాలుతున్నారంటే బేరం పండుతున్నట్టే. ఉత్తినే వచ్చినదాన్ని మిగల్చడం కూడా ఆయన వంశంలో లేదు. గ్లాసెత్తి, అడుగున చేదుగా ఉన్నా ఆఖరి చుక్కదాకా తాగేశాడు.

"రంగు దీపాలైనా పెట్టించుకోండి మరి."

ముసలామె నిట్టూర్చింది. "ఇక మీ ఇష్టం, బాబూ. ఏ దీపాలు కావాలంటే ఆ దీపాలే పెట్టుకోండి."

షాపాయన తొడ చరిచాడు. "అదీ మాటంటే! పెళ్ళికి నేను సరే!"

పూలు చుడుతున్న చేతులు ఆగిపోయాయి. మనవరాలు అమ్మమ్మ వైపు చూసింది.

పెరటి గుమ్మంలో చప్పుడయింది. భుజాల మీద వెదురు బొంగులతో ముగ్గురు మగవాళ్ళు, ఒక ముసలాయన, ఒక నడివయసాయన, ఒక కుర్రాడు, నవ్వుకుంటూ లోపలికొచ్చారు.

"అత్తయ్యా, పందిరికి ఇవి చాలుతాయా?"

"వీళ్ళెవరు?" అన్నాడు షాపాయన.

"మా ఆయన. మా అల్లుడు. పెద్ద మనవరాలి మొగుడు. పొద్దుటే వెదురు కొట్టడానికి వెళ్ళారు."

"మరి... ఈ గడియారాలు?" నాలుక మందంగా తిరిగింది.

"మీలాంటి పెద్దమనుషులవే, బాబూ. ఏ పెళ్ళికైనా ఎవరో ఒకరు అడ్డం తిరుగుతూనే ఉంటారు."

"నేను ఒప్పుకున్నానుగా!" కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. కాళ్ళు మాట వినలేదు.

ముసలామె ఖాళీ గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది. ఆమె ముఖం నిజంగానే చిన్నబోయింది. మెల్లగా ఆయన చేతి గడియారం పట్టీ విప్పుతూ అంది:

"ఆ ముక్కేదో గ్లాసు అడుగు కనపడకముందే అనాల్సింది, నాయనా."