మూడు నిమిషాల పదకొండో సెకను

"మళ్లీ అక్కడే," అంది పిన్ని పాట ఆపేసి.

"ఎక్కడ మేడమ్?" అన్నాడు కంపెనీ మేనేజరు.

"మూడు నిమిషాల పదకొండో సెకను దగ్గర. టిక్కుమని."

"నాకేం వినిపించలేదే."

"మీకే వినిపించేస్తే ఇక నాకు జీతమెందుకండీ?"

మేనేజరు నవ్వలేదు. గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ పది.

ఆల్బమ్ 'మిణుగురు' అనే జంటది. పిన్ని అక్క కూతురు, ఆ అమ్మాయి మొగుడు. కంప్యూటరూ కీబోర్డులూ తప్ప ఇంకో వాయిద్యం ముట్టరు. తొమ్మిదేళ్లు కాపురమున్న ఇంటి చప్పుళ్లతోనే ఈ ఏడు పాటలూ కట్టారు. కారే కుళాయి, మెట్ల మీద చెప్పులు, సరిగ్గా పడని తలుపు గడియ. ఏడో పాటకు తాళం ఆ గడియే. ఇప్పుడా ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆల్బమ్ కంపెనీ చేతికి వెళ్లిన మర్నాటి నుంచి ఎవరి దారి వాళ్లదని కాగితం కూడా రాసుకున్నారు.

పాటలు బయటికి వెళ్లే ముందు ఆఖరిసారి విని, లోపాలు దిద్ది, సంతకం పెట్టడం పిన్ని పని. ఆ సంతకం లేనిదే కంపెనీ ఏ ఆల్బమూ విడుదల చేయదు. ఇరవై ఏడేళ్లుగా అంతే. తొందరపడి పెట్టిన సంతకం ఆమె జీవితంలో ఒక్కటే ఉంది. అది ఈ గదిలో కాదు, విడాకుల కోర్టులో పెట్టింది.

"మొదట నా వాచీ అన్నావు పిన్నీ," అంది అమ్మాయి, గొంతులో విసుగు దాచుకోకుండా. "తీసేసి మళ్లీ వాయించాం. తర్వాత ఫ్రిజ్ అన్నావు. ప్లగ్గు పీకేసి వాయించాం, పాలు విరిగిపోయాయి. పోయిన వారం కుర్చీలన్నావు. నేల మీద కూర్చుని వాయించాం."

"నా నడుము ఇంకా పట్టేసే ఉంది అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"నీ నడుముకి పెళ్లినాటి నుంచీ ఏదో ఒక వంక."

అనేసి అమ్మాయి పెదవి బిగించింది. అతను తల వంచుకుని వైర్లు చుట్టసాగాడు. పంచుకున్న సామానుకు టేపులు అంటించారు. ఎర్ర టేపు ఆమెవి, నీలం టేపు అతనివి. ఇప్పుడు అతని చేతిలో ఉన్నది ఎర్ర టేపు వైరు. అతను గమనించలేదు. అమ్మాయి గమనించింది.

మేనేజరు తన కంప్యూటరు పిన్ని ముందుకు తిప్పాడు. "చూడండి. ఇది పాట శబ్దపు గీత, నున్నగా ఉంది. ఎక్కడా టిక్కు లేదు."

"నేను గీతలు చూసి సంతకం పెట్టను, విని పెడతాను."

"ఏమీ అనుకోకండి, చెవులు పరీక్ష చేయించుకున్నారా?"

"మీ కంపెనీయే చేయించిందిగా, ఆర్నెల్ల కిందట. పాతికేళ్ల పిల్ల చెవులన్నాడు డాక్టరు. మిగతా ఒళ్లంతా అరవై మూడే, నాయనా."

మేనేజరు లేచి నిలబడ్డాడు. "సరే, ఆఖరి మాట. పాట వేయండి. వీళ్లిద్దరిలో ఒక్కరికైనా వినిపిస్తే నెల గడువిస్తాను. లేకపోతే అయిదింటికల్లా సంతకం. పెట్టనంటే ఇంకొకరి చేత పెట్టిస్తాం. ఇదొక్కటే కాదు, ఇకమీదట అన్నీ."

పిన్ని మీట నొక్కింది. పాట మొదలైంది.

గడియ పడింది, లేచింది, పడింది. కుళాయి చుక్కలు దాని వెంట పడ్డాయి. అమ్మాయి గోడకేసి చూస్తోంది. అల్లుడు కళ్లు మూసుకున్నాడు. మూడు నిమిషాలు దాటింది. అయిదో సెకను. తొమ్మిది. పిన్ని కొంగు అంచును పిడికిట్లో నలిపింది.

పదకొండు.

ఎవరూ కదల్లేదు. పాట చివరికంటా సాగి ఆగిపోయింది.

"విన్నారుగా," అన్నాడు మేనేజరు, సంతకం కాగితం తీస్తూ.

"వినిపించింది," అన్నాడు అల్లుడు.

"ఏమని?"

"టిక్కుమని. చిన్నగా."

మేనేజరు అమ్మాయి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. పొద్దున ఫోన్లో మీరే కదా, అలాంటిదేమీ లేదన్నారు?"

అమ్మాయి మొగుడి చేతిలోని ఎర్ర టేపు వైరు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"పొద్దున సరిగా వినలేదు," అంది. "ఉంది. చిన్నగానేం కాదు, గట్టిగానే ఉంది."

మేనేజరు హెడ్‌ఫోన్లు లాక్కుని ఆ చోటే నాలుగుసార్లు విన్నాడు. దగ్గాడు. "మీరంతా అన్నాక నాకూ ఉన్నట్టే ఉంది లెండి," అని గొణిగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నెల. ఒక్క రోజు కూడా ఎక్కువ కాదు." తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

అల్లుడు వైర్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "గడియకి నూనె వేసి మళ్లీ రికార్డు చేద్దామా?"

"నూనె వేస్తే పాటే పోతుంది, తెలివిమంతుడా," అంది అమ్మాయి. "ముందు దాని మేకు బిగించు. తొమ్మిదేళ్లుగా చెప్తున్నాను."

"రేపు బిగిస్తాను."

"రేపు కాదు, ఇవాళే."

వాళ్ల మాటలు మెట్లు దిగి వినపడనంత దూరం వెళ్లేదాకా పిన్ని కుర్చీలోంచి లేవలేదు. అప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాళ్ల పాటను మొదటి నుంచి చివరిదాకా ఒక్కతే నిమ్మళంగా విన్నది.

అందులో ఏ టిక్కూ లేదు, ఎన్నడూ లేదు.