అక్క కణాలు

రాత్రి పదకొండయింది. ల్యాబులో ఫ్రిజ్ రొద తప్ప చప్పుడు లేదు. క్యాన్సర్ కణాలు ఎంత ఇరుకు సందులోంచి దూరగలవో కొలవడం ఇక్కడ పరిశోధన చేసే ఆమె పని. సన్నని సందులున్న గాజు పళ్లెంలోని కణాలు పోయిన నెల చనిపోయిన అక్కవి.

"చుట్టరికాలతో సైన్సు నడవదమ్మా. బ్లీచ్ పోసి పారెయ్," అని ప్రొఫెసర్ తన గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు.

పళ్లు కొరుకుతూ పోసింది. అరగంటాగి, చచ్చాయో లేదో చూడాలన్న నియమం ప్రకారం మైక్రోస్కోపులోకి చూసింది.

కణాలన్నీ సందులు దాటి ఒకే అంచున గుమిగూడాయి. పళ్లేన్ని తిప్పి పెట్టింది. అవి నెమ్మదిగా పాకుతూ మళ్లీ అటే చేరాయి.

అటువైపున్నది ప్రొఫెసర్ గది. తలుపు కింద సన్నని సందులో ఇంకా వెలుతురుంది.

"నీకూ ఒళ్లు మండిపోతోందా అక్కా?" అంది.

మూత తీసి, పళ్లేన్ని ఆ సందు ముందు పెట్టింది.