అటక మీది ల్యాప్‌టాప్

"కంగారు పడవద్దప్పా. తెర మీద ఏముందో అది మాత్రం చదివి చెప్పు" అంది సుధామణి ఫోనులో.

హోసూరు దగ్గరి ఆ విశ్వవిద్యాలయంలో ప్రింటరు మొరాయించినా, ప్రొఫెసరుగారు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఏడేళ్లుగా అందరికీ దిక్కు కంప్యూటర్ సహాయ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే సుధామణే. ప్లగ్గు పెట్టకుండానే కంప్యూటరు చచ్చిపోయిందని గగ్గోలు పెట్టిన పెద్దమనుషులను ఆమె చాలామందిని చూసింది. ఎవరి ముందూ నవ్వలేదు. వాళ్లు వెళ్లాక మాత్రం కడుపుబ్బా నవ్వుకునేది.

ఇప్పుడు ఫోను చేసింది జవళగిరి నుంచి ఉదయ్ కుమార్. ఈ విభాగంలోనే ఒక పర్మనెంటు ఉద్యోగానికి అతనికి పదకొండు గంటలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అప్పటికే పదీ నలభై అయింది.

"ఈ పేజీ సురక్షితం కాదు అంటా ఉంది మేడమ్. ఎన్నిసార్లు నొక్కినా అదే. ఫోనులో పనికిరాదు, కంప్యూటరే కావాలని లెటర్లో రాసినారు. ఈ నెలతో నాకు వయసు దాటిపోతాది. ఇదే కడపటిది."

సుధామణికి జాలేసింది.

పక్క సీట్లో ధనశేఖర్ గోడ గడియారం చూపించాడు. "సుధామణమ్మా, మా సర్వరు బాగుంది, తప్పు మీ దగ్గరే ఉందని చెప్పి పెట్టెయ్. అబద్ధం కూడా కాదు. ఈపొద్దన్నా నీ పని చూసుకో."

ధనశేఖర్ మంచివాడే. కానీ ఫోను పెట్టేయడంలో అతనికి డాక్టరేటు ఇవ్వొచ్చు. సుధామణి అతన్ని ఆగమని చెయ్యి చూపింది.

"ల్యాప్‌టాప్ ఎవరిదప్పా?"

"మా బావది మేడమ్. శానా ఏండ్లుగా అటక మీద ఉండె. పొద్దున దించినాను."

సుధామణికి విషయం అర్థమైపోయింది. "కింద కుడిపక్క మూలలో తేదీ ఏముందో చూడు."

"రెండువేల పదిహేను, జనవరి ఒకటి" అన్నాడతను నెమ్మదిగా.

"అదీ సంగతి. లోపలుండే చిన్న బ్యాటరీ అయిపోయి అది తేదీ మరిచిపోయింది. పదేండ్ల వెనకాల ఉండే కంప్యూటరు ఏ వెబ్‌సైటునూ నమ్మదు. ఈపొద్దు తేదీ పెట్టు, టైము కూడా. మళ్లా తెరువు."

రెండు నిమిషాలు మీటల చప్పుడు వినిపించింది.

"వచ్చిందమ్మా! నా మొకం కనపడతా ఉంది!" సంతోషంలో మేడమ్ కాస్తా అమ్మ అయిపోయింది.

"నీ వెనకాల కిటికీ ఉంటే మొకం నల్లగా కనపడతాది. కిటికీ దిక్కు తిరిగి కూర్చో. మైకు బొమ్మ పచ్చగా ఉందా? సరి, ఇంక పో."

"అమ్మా, ఒక్క మాట. ఆడ ఏమడుగుతారో తెలీదు. శానా భయంగా ఉంది."

సుధామణి పక్క సీటు వైపు చూసింది. చెప్పొద్దన్నట్టు ధనశేఖర్ తల అడ్డంగా ఊపాడు.

"కంప్యూటరు మొరాయిస్తే ఏమి చేస్తావని అడుగుతారప్పా. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పు. మొదట ఏమి చూసినావు, ఎందుకు చూసినావు, అంతే. భయపడవద్దు."

"మీ మేలు మరిచిపోను."

"అది మరిచిపోయినా పరవాలేదు. తేదీ మాత్రం మరవద్దు."

ఫోను పెట్టేసి, సమస్య తీరిందని నమోదు చేసింది. ఆమెకు తన పనితనం మీద కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ధనశేఖర్ తల పట్టుకున్నాడు. "లింకు బాగుచేస్తే చేసినావు. జవాబు కూడా అందించల్లా?"

"అడిగినాడు, చెప్పినాను. నాకు తెలిసింది ఇంకా శానా ఉందిలేన్నా."

ఆమె మంచినీళ్లు తాగింది. జుట్టు సరిచేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని లేచింది.

ఆ ఉన్న ఒక్క పోస్టుకే పదకొండున్నరకు సుధామణికీ ఇంటర్వ్యూ.