అగ్గిపెట్టె లేని ఇల్లు

"బర్నరు మీద అంటించిందండీ," అన్నాడు ల్యాబ్ అటెండరు. ఎడమచేత్తో జడ వెనక్కి పట్టుకుని, మంట మీదికి వంగి, ఒక్క పీల్పుతో సిగరెట్టు రాజేసిన తీరును హెడ్మిస్ట్రెస్ ముందు అభినయించి మరీ చూపించాడు. "వెంట్రుక కూడా కమరలేదండీ. చెయ్యి తిరిగిన పని."

అంటించింది బైండరు గారి అమ్మాయి. పక్కన నిలబడి, ఒక్క దమ్ము లాగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గింది బడ్డీకొట్టావిడ కూతురు. ఇద్దరిదీ పదో తరగతే. ఒకటే బెంచీ.

ఇరవై ఏళ్ళుగా ఆ బడి గ్రంథాలయ పుస్తకాలకూ రిజిస్టర్లకూ అట్టలు కట్టిన మనిషి బైండరు. హెడ్మిస్ట్రెస్ గదిలో ఆయనకు ఎప్పుడూ కుర్చీ చూపించేవారు. ఇవాళా చూపించారు, కానీ కూర్చోలేదు. తల కొట్టేసినట్టయి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

హెడ్మిస్ట్రెస్ బడి నియమం చెప్పింది. అలవాటు నేర్చుకున్న పిల్లకు పదిహేను రోజులు తరగతి నిషేధం. నేర్పిన పిల్లకు టీసీ. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి కనుక, ఈ దశలో టీసీ అంటే ఏడాది పోయినట్టేనని కూడా చెప్పింది. తర్వాత, నేర్పిందెవరని పిల్లలిద్దర్నీ అడిగింది.

బైండరు కూతురు ఒక్కసారి తండ్రి ముఖంలోకి చూసి, వెంటనే తల వంచుకుంది. సిగ్గుతో చచ్చిపోతోంది పిచ్చిది అనుకున్నాడాయన.

కూతురి తరఫున ఆయనే మాట్లాడాడు. తాను చేసేది కాగితం, గుడ్డ, జిగురులతో పని. ఇంట్లో ఎక్కడ నిప్పురవ్వ పడినా కొంప కొల్లేరవుతుంది. తాను పొగ తాగిన రోజుల్లో సైతం వీధిమెట్ల మీదే కూర్చునేవాడు. నిప్పు అనేది వంటింటి స్టౌ దగ్గర తప్ప వేరే కనిపించరాదని శాసనం. టీ అయినా, సిగరెట్టయినా, అక్కడ సిద్ధమయ్యాకే మెట్ల మీదికి రావాలి. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాక, ఏడేళ్ళ కిందట, ఆ సిగరెట్టునూ మొదలంటా మానేశాడు.

"మా ఇంట్లో అగ్గిపెట్టె కూడా ఉండదు మేడమ్."

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ మాట నేను కాదనను. కానీ బైండరు గారూ, అంటించింది మీ అమ్మాయి. దగ్గింది ఆ పిల్ల."

"దగ్గు తెచ్చిపెట్టుకోవచ్చు. సిగరెట్లమ్మే కొట్టులో పెరిగిన పిల్లకి దగ్గెందుకొస్తుంది?"

తలుపు దగ్గర నిలబడ్డ బడ్డీకొట్టావిడ పైటచెంగుతో చేతులు తుడుచుకుంది. బేరం మధ్యలో కొట్టు వదిలి వచ్చింది. ఎదురు చెబుతుందనే అనుకున్నారంతా. ఆమె నేలవైపు చూస్తూ, "అమ్మేది నేనేగా. ఇంకెవరినని ఏం లాభం," అంది.

"మేడమ్, అసలు..." అని బైండరు కూతురు నోరు తెరిచింది. తండ్రి చెయ్యి ఆమె భుజం మీద పడింది. "నువ్వు ఊరుకో," అన్నాడు.

బడ్డీకొట్టావిడ కూతురు ఆ చేతిని చూసింది. చేతివెంట పైకి, ఆయన ముఖం దాకా చూసింది. చివరికి స్నేహితురాలి వంచిన తలను చూసి, అప్పజెప్పిన పాఠంలా నెమ్మదిగా అంది: "నేనే నేర్పాను మేడమ్."

హాజరు రిజిస్టరు తెప్పించారు. నల్ల క్యాలికో గుడ్డ అట్ట, ఎర్ర మూలలు; వేసవి సెలవుల్లో బైండరు కట్టినదే. హెడ్మిస్ట్రెస్ అందులో ఒక పేరు మీద స్కేలుపెట్టి గీత గీసింది.

గేటు దగ్గర బడ్డీకొట్టావిడ ఆగింది. టీసీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. "పాపను మరీ కొట్టకండి సార్. మా దాని సావాసమే కదా," అంది. బైండరు తలెత్తకుండానే తలూపాడు.

దారిపొడుగునా కూతురు తేలు కుట్టిన దొంగలా నడిచింది. ఆయనకు కొట్టాలని లేదు. పిల్ల తనకు దక్కింది, చాలు. మరి ఆ మూసిన గుప్పిట ఎందుకు మాటిమాటికీ గుర్తొస్తోందో ఆయనకు అంతుపట్టలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య ఆసుపత్రిలో నర్సు. పెళ్ళైన నాటినుంచీ సాయంత్రం డ్యూటీయే. అమ్మాయి బడిసంచి దించి, అలవాటు ప్రకారం టీకి నీళ్ళు పెట్టింది. ఎడమచేత్తో జడ వెనక్కి పట్టుకుని, మంట సరిచూడడానికి వంగింది.

వంటింటి గుమ్మంలో ఉన్న బైండరు ఆ వంగడం చూశాడు. ఎక్కడో చూసినట్టుంది. ఇవాళ అటెండరు చూపించాడు, నిజమే, అంతకుముందు ఎక్కడో.

"ఎన్నాళ్ళనుంచి వచ్చు నీకీ విద్య?" అని అడిగాడు. "కోప్పడనులే. చెప్పు."

"రెండో తరగతి నుంచి."

"ఆ పిల్ల ఈ బడిలో చేరిందే తొమ్మిదిలో కదమ్మా."

"అవును."

"మరెవరు?"

అమ్మాయి స్టౌ కట్టేసింది. టీ వడగట్టి, గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయేది. మీరు మెట్ల మీద కూర్చుని, అంటించి తెమ్మని నన్ను కేకేసేవారు." స్టౌ వైపు చూసింది. "పీల్చకపోతే అంటుకోదని మీరే చెప్పారు కదా, నాన్నా."